చేటకు పట్టిన పుచ్చు, కంది కట్టె తట్ట, పెళ్ళి గంప: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వెదురు, ఈత, తాటి, కంది కట్టె, వావిలి... అల్లికకు లొంగే ప్రతి మొక్క గురించీ ఉత్తరాలు వస్తున్నాయి. నేను గోదావరి గట్టున మేదరి ఇంట పుట్టి, మేదరి ఇంటికే కోడలిగా వెళ్ళినదాన్ని. మన్యం వెదురు తెప్పలుగా నది మీద దిగివచ్చిన రోజుల గురించి మా నాన్న చెబుతుంటే వింటూ పెరిగాను. ఇప్పటికీ చేతిలో కత్తి పట్టని రోజు నాకు వెలితిగా ఉంటుంది. వచ్చిన ప్రశ్నల్లో పదిమందికీ పనికొచ్చేవి ఏరి ఈ నెల జవాబులు రాస్తున్నాను.

అమ్మగారూ, మా అమ్మ ఇచ్చిన వెదురు చేటలు రెండు, బియ్యం బుట్ట ఒకటి మా ఇంట్లో ఉన్నాయి. కొన్నాళ్ళుగా బుట్ట కింద లేత పసుపు రంగు పిండి రాలుతోంది. బద్దల్లో సన్నటి రంధ్రాలు కనిపిస్తున్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయాలి?
– గృహిణి, తెనాలి

పారేయకండి తల్లీ. ముందు బుట్ట అంచును, అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు దిగబడితే లోపల ఏమీ మిగల్లేదని అర్థం. గట్టిగా నిలిస్తే దక్కించుకోవచ్చు.

ఆ పిండి పుచ్చు పురుగు పని. మూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటే ఎక్కువ, అంత చిన్నది. వెదురులో నిలవ ఉండే పిండి పదార్థం కోసమే అది లోపలికి తొలుస్తుంది. పైనున్న నున్నటి పచ్చ బెరడు జోలికి సాధారణంగా పోదు. కోసిన చివరల నుంచి, లోపలి మెత్త వైపు నుంచి దూరుతుంది. అందుకే మీరు కూడా రంధ్రాల కోసం బుట్ట లోపలి వైపు, అంచు కట్టు కింద వెతకండి.

ఎండలో పెట్టడం మంచిదే, కానీ అదొక్కటే చాలదు. బద్ద మధ్యలో ఉన్న పురుగు దాకా ఆ వేడి చేరదు. సలసల కాగే నీళ్ళను బుట్ట లోపలా బయటా తడవని చోటు లేకుండా పోయండి. అంచు దగ్గర బద్దలు మందంగా ఉంటాయి కనుక అక్కడ రెండు మూడు సార్లు పోయండి. తర్వాత నీడన గాలికి ఆరనిచ్చి, మర్నాడు ఎర్రటి ఎండలో పెట్టండి. లోపల తడి మిగిలితే పుచ్చు పోయి బూజు వస్తుంది. చిన్న సజ్జలు, పూల బుట్టలైతే ఇంకో దారి ఉంది. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా చుట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచండి. పాత వస్తువులకు పురుగు పట్టినప్పుడు మ్యూజియంలవాళ్ళు చేసే పని ఇదే. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టే పద్ధతి తడికలకు, గోడకు తగిలించే వస్తువులకు మంచిది. తినే గింజలు పోసే బుట్టకు మాత్రం అది వద్దు.

పురుగు చచ్చిందని నమ్మకం కుదిరాక మెంతి గుజ్జు పూయండి. మీ అమ్మగారు చేటలకు పూసే ఉంటారు. గుప్పెడు మెంతులు రాత్రంతా నానబెట్టి, జిగురు వచ్చేదాకా రుబ్బాలి. చింపి నానబెట్టిన కాగితాన్ని విడిగా దంచి మెత్తటి గుజ్జు చేసి, రెండూ కలపాలి. సిరా ఉన్న వార్తాపత్రిక కాకుండా తెల్ల కాగితం తీసుకోండి. చేటను కాస్త తడిపి, అల్లిక సందుల్లోకి దిగేలా అరచేత్తో రుద్దుతూ పలచగా పూయాలి. నీడన ఆరాక రెండో వైపు పూయండి. మెంతి చేదుకు పురుగు దగ్గరికి రాదని అంటారు. నా అనుభవంలో అసలు మేలు చేదు వల్ల కాదు, సందులూ రంధ్రాలూ మూసుకుపోవడం వల్ల. అందుకే పురుగు బతికుండగా పూయవద్దంటున్నాను. పూస్తే దాన్ని లోపల పెట్టి తలుపు వేసినట్టే.

ఇంకో మాట. పుచ్చు మీ ఇంట్లో పుట్టింది కాదు, వెదురు నరికిన వేళలో పుట్టింది. వేసవిలో, కొత్త పిలకలు వేయబోయే ముందు, వెదురులో పిండి పదార్థం ఎక్కువగా ఉంటుంది. వానలు వెనకబడ్డాక, చలికాలంలో నరికినదానికి పుచ్చు తక్కువ. మా పెద్దలు దానికి తోడు కృష్ణపక్షం కూడా చూసేవారు. నరికిన బొంగును కొన్నాళ్ళు పారే నీటిలో నానేస్తే పిండి పదార్థం చాలావరకు కరిగిపోతుంది. ఆ రోజుల్లో తెప్పలుగా నీటి మీద వచ్చిన వెదురుకు ఆ పని దారిలోనే జరిగిపోయేది. లారీలో వచ్చే వెదురుకు ఆ భాగ్యం లేదు. ఈసారి కొనేటప్పుడు, ఈ వెదురు ఎప్పుడు నరికింది, నానేశారా అని అడగండి. పని తెలిసినవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

నాది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. చేతి పని ఒకటి నేర్చుకోవాలని వెదురు పేళ్ళు (అల్లికకు చీల్చిన సన్నటి బద్దలు) కొని తెచ్చి, వీడియోలు చూస్తూ చిన్న బుట్ట మొదలుపెట్టాను. ఒక చుట్టు బాగానే వస్తుంది. రెండో చుట్టు కూడా మొదటి చుట్టు వెళ్ళిన దారినే వెళుతోంది, అల్లిక పడటం లేదు. నా లోపం ఎక్కడ?
– ఉద్యోగి, హైదరాబాద్

నిలువు బద్దలు లెక్కపెట్టండి నాయనా. సరి సంఖ్య ఉంటుంది.

ఒకే పేడుతో చుట్టూ అల్లుకుంటూ పోతే, అది ఒక నిలువు బద్ద ముందు నుంచి, తర్వాతి దాని వెనక నుంచి వెళుతుంది. పదహారు బద్దలు ఉన్నాయనుకోండి. మొదటి దాని ముందు నుంచి మొదలైతే పదహారో దాని వెనక నుంచి చుట్టు పూర్తవుతుంది. మళ్ళీ మొదటి బద్ద దగ్గరికి వచ్చేసరికి ముందు నుంచే పోవాలి. అంటే కింది వరస మీదే పై వరస పడుతుంది. పదిహేడు ఉంటే పదిహేడో దాని ముందు నుంచి వచ్చి మొదటి దాని వెనక్కి పోతుంది. అక్కడ అల్లిక ముడిపడుతుంది.

అయితే చిక్కు ఏమిటంటే, అడుగు వేసేటప్పుడు బద్దలను ఒకదానిమీద ఒకటి అడ్డంగా పేరుస్తాం. ప్రతి బద్దకూ రెండు కొసలు కనుక ఎన్ని పేర్చినా కొసల లెక్క సరి సంఖ్యే వస్తుంది. ఎనిమిది పేరిస్తే పదహారు. కాబట్టి అడుగు వేశాక ఒక కొసను నిలువునా రెండుగా చీల్చండి. బేసి లెక్క కుదురుతుంది. చీల్చడం ఇష్టం లేకపోతే రెండు పేళ్ళు తీసుకుని, ఒకదాని వెనక ఒకటి తరుముతున్నట్టు అల్లుకుంటూ పోవచ్చు. అప్పుడు సరి సంఖ్య ఉన్నా ఫరవాలేదు.

ఇక అసలు విషయం. చీల్చి అమ్మే పేళ్ళు కొని అల్లితే మీకు సగం పని కూడా తెలియదు. బుట్ట బలమంతా బద్ద చీల్చడంలో ఉంటుంది, అల్లిక దాని తర్వాతే. మా అత్తగారు అల్లికను పిల్లలకు ముందే నేర్పేవారు, కత్తిని మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత చేతికిచ్చేవారు.

ఎలా చీలుస్తామో చెబుతాను. బొంగును సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి చీల్చుకుంటూ వస్తాం. బద్ద తగినంత సన్నమయ్యాక అడ్డంగా కాకుండా మందంలో పొరలుగా విడదీయాలి. కత్తి అంచును కొసలో పెట్టి చిన్న చీలిక ఇస్తే చాలు, తర్వాత పని వేళ్ళదే. రెండు పొరలనూ రెండు చేతులతో పట్టి నెమ్మదిగా విడదీస్తుంటే చీలిక ముందుకు పాకుతుంది. అది ఎప్పుడూ మధ్యలోంచే పోదు. ఒక పొర పలచబడుతూ, రెండోది మందమవుతూ వస్తుంది. అప్పుడు చేయి తెలియనివాళ్ళు పలచని పొరను లాగుతారు, అది పుటుక్కున తెగిపోతుంది. మందంగా ఉన్న పొరనే ఎక్కువగా వంచాలి. చీలిక ఎటు ఎక్కువ వంచితే అటు జరుగుతుంది కనుక మళ్ళీ మధ్యకు వస్తుంది. కణుపు దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగి, వేలితో నొక్కి పట్టి దాటించాలి. కణుపు దాటేటప్పుడు వచ్చే చిటుక్కుమనే చప్పుడు తేడాగా వినబడితే, చూడకుండానే చీలిక పక్కకు పోయిందని తెలిసిపోతుంది.

ఆ తర్వాత చివ్వడం, అంటే పేడును గీసి నున్నగా చేయడం. మోకాలి మీద మందపాటి గుడ్డ వేసుకుని, కత్తిని కదలకుండా దాని మీద ఆనించి, పేడును కత్తి కింద నుంచి లాగాలి. కదలాల్సింది పేడు, కత్తి కాదు. మొదట్లో ఎడమ చేతి వేళ్ళకు తప్పకుండా గుడ్డ చుట్టుకోండి. వెదురు బెరడు అంచు కత్తి కన్నా తక్కువేమీ కాదు.

మొదట బుట్ట వద్దు, చదరపు తడిక ఒకటి అల్లండి. అడుగు సరిగా పడటం వచ్చాక బుట్ట దానంతటదే పైకి లేస్తుంది. కత్తి భయం ఉంటే తాటాకుతో మొదలుపెట్టండి. విచ్చుకోని మొవ్వాకు లేత రంగులో, మెత్తగా ఉంటుంది. ఈనెలు తీసేసి, నీడన ఆరబెట్టి, అల్లే ముందు తడి గుడ్డలో చుట్టి ఉంచితే విరగదు. అయితే ఒక చెట్టు నుంచి ఒకే మొవ్వాకు తీయండి. తాటి చెట్టుకు తల ఒక్కటే, ఆ మొవ్వు మొదలు దెబ్బతింటే చెట్టే పోతుంది.

బతుకమ్మను ఇత్తడి తాంబాళంలో పేర్చాలా, వెదురు సిబ్బిలో పేర్చాలా? మా అత్తగారింట్లో తాంబాళమే వాడతారు.
– కొత్త కోడలు, సిద్దిపేట

రెండూ ఉన్న ఆచారాలే, మీ అత్తగారి మాట తప్పు కాదు. నన్ను అడిగితే సిబ్బి వైపే మొగ్గుతాను. తడి పూల నుంచి దిగే నీరు అల్లిక సందుల్లోంచి జారిపోతుంది కనుక కింది వరస గుమ్మడి ఆకులు, తంగేడు పూలు తొందరగా కుళ్ళవు. తల మీదికి ఎత్తుకున్నప్పుడు బరువూ తక్కువే. పండుగ ముందు వారం ఇళ్ళ ముందుకు సిబ్బులు అమ్మేవాళ్ళు వస్తారు. ఏడాదిలో వాళ్ళ చేతికి నాలుగు డబ్బులు వచ్చే కాలం అదే. నిమజ్జనం చేశాక సిబ్బిని చెరువులో వదిలేయకుండా ఇంటికి తెచ్చి, కడిగి ఎండబెట్టి దాచుకోండి.

మేదరివాళ్ళ దగ్గర తట్ట ధర అడిగి వెనక్కి వచ్చేశాను. అంతే సైజు ప్లాస్టిక్ తొట్టి సగం ధరకే దొరుకుతోంది. వెదురు అడవిలో ఊరికే పెరిగేదే కదా, అంత ధర ఎందుకు?
– పాఠకుడు, విజయవాడ

ఈ ప్రశ్న నాకు బజారులో కూడా ఎదురవుతూనే ఉంటుంది. ఊరికే పెరిగేదే, నిజం. కానీ మా చేతికి ఊరికే ఎప్పుడూ రాలేదు.

వెదురు నిజానికి గడ్డి జాతి. అయినా 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో చేర్చింది. అంటే మన పెరట్లో పెంచుకున్నదాన్ని నరికి పక్క ఊరికి తీసుకుపోవాలన్నా అనుమతి కాగితం వెతుక్కోవాల్సిన పరిస్థితి. అదే కాలంలో కాగితపు మిల్లులకు అడవి వెదురు లారీలకు లారీలు పోయేది. అడవిలో బతికేవాళ్ళకు వెదురు మీద హక్కు ఉందని, అది చిన్నతరహా అటవీ ఉత్పత్తేనని 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చెప్పింది. అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది 2017లో. తొంభై ఏళ్ళు పట్టింది. ఆ తొంభై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళవాళ్ళు కత్తి వదిలేసి కూలికి పోయారో మా వీధిలో అడిగినా చెబుతారు.

దానికి తోడు వెదురు జీవితం ఒక తీరు. కొన్ని దశాబ్దాలకు ఒక్కసారి పూస్తుంది, పూసి గింజ రాల్చాక పొదకు పొద ఎండిపోతుంది. ఆ గింజనే వెదురు బియ్యమని అమ్ముతారు. రాలిన గింజ మొలిచి అల్లికకు పనికొచ్చే బొంగు కావాలంటే ఏళ్ళు ఆగాలి. ఆ ఏళ్ళన్నీ దూరం నుంచి తెప్పించుకోవాల్సిందే.

తెచ్చిన బొంగులో కూడా అంతా పనికిరాదు. బెరడు, దాని కిందున్న ఒకటి రెండు పొరలే గట్టి అల్లికకు వస్తాయి. నారంతా వెలుపలి వైపే దట్టంగా ఉంటుంది. లోపలి మెత్త చాలావరకు పొయ్యిలోకి పోతుంది. మెత్తతో కూడా బుట్ట అల్లేయవచ్చు, చూడటానికి తెల్లగా అందంగానే ఉంటుంది. కానీ అది ఒక వానాకాలం దాటదు. సగం ధరకు అడిగే కొనుగోలుదారుకు మెత్త బుట్టే దొరుకుతుంది, దాన్ని చూసి వెదురు నిలవదని అనుకుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

కనుక ధర కన్నా ముందు బుట్టను చూడండి. వెలుపలి వైపు నున్నటి బెరడు కనబడాలి. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే సందులు ఒకే తీరుగా ఉండాలి. అంచు రెండు బద్దల మధ్య బిగిసి ఉండాలి, కట్టు దగ్గర దగ్గరగా పడాలి. బోర్లించి అడుగు మీద అరచేత్తో బరువు వేస్తే దిగి, మళ్ళీ పైకి లేవాలి. ఇవన్నీ ఉంటే అడిగిన ధర ఇచ్చేయండి. చేట విషయంలోనైతే ప్లాస్టిక్‌తో పోలికే లేదు. వెదురు అల్లికలోని చిన్న చిన్న గట్లు బియ్యంలో రాయిని పట్టి ఆపుతాయి. నున్నటి ప్లాస్టిక్ మీద రాయీ బియ్యమూ కలిసి జారతాయి. ఒక్కసారి చెరిగి చూడండి, మీకే తెలుస్తుంది.

మా నాన్న కంది కట్టెతో తట్టలు అల్లేవారు. ఇప్పుడు కంది కోయగానే కట్టె కాల్చేస్తున్నాం. మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. కట్టె ఎలా ఏరుకోవాలి? పొలం గట్టున వెదురు వేస్తే నరుక్కోనిస్తారా?
– రైతు, అనంతపురం జిల్లా

ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. కంది కట్టె తట్టకు మేదరి కత్తి అక్కర్లేదు, రైతు తన పొలంలో తానే అల్లుకునేది అది.

కంది కోసి, దులిపి, కుప్ప వేసి ఆరిపోయాక కట్టె విరుగుతుంది. కోత రోజునే సన్నగా, తిన్నగా, కొమ్మలు తక్కువ ఉన్నవాటిని పక్కన వేసుకోండి. చిటికెన వేలి లావు ఉన్నవి నిలువుకు, అంతకన్నా సన్నవి అల్లికకు. ఆకు దూసి, తడి గోనె కింద ఉంచి, రెండు మూడు రోజుల్లో అల్లేయాలి. ఆలస్యమైతే రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. కట్టె ఒక పక్క లావు, ఒక పక్క సన్నం కనుక ఒంటి కట్టెతో అల్లితే తట్ట ఒక వైపుకు ఒరుగుతుంది. రెండు మూడు కలిపి పట్టుకోండి. ఒకదాని కొస అయిపోయిన చోట ఇంకోదాని మొదలు కలపండి.

దీని సందులు పెద్దవిగా ఉంటాయి, అదే మీ పొలానికి వరం. వేరుశనగ కాయలు ఎత్తితే మట్టి సందుల్లోంచి రాలిపోతుంది. గింజలు పోయాలంటే లోపల ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తితే సరి.

మీ వాగు ఒడ్డున వావిలి ఉంటే దాన్ని కూడా చూడండి. పశువులు ముట్టవు. మోకాలి ఎత్తున నరికితే వానలు పడగానే తిన్నటి బరిగెలు బారెడు పొడవున వస్తాయి, అవి కంది కట్టె కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటితో గాదెలు అల్లేవారు. ఆకును గింజల మధ్య వేస్తే పురుగు రాదని వేసేవారు. ఈత చెట్లున్న చోట మట్టలు చీల్చి గంపలు అల్లే ఎరుకలవాళ్ళ పని కూడా దగ్గరగా చూడండి. మట్ట మొదట్లో ఉండే ముళ్ళను వాళ్ళు ఎంత ఒడుపుగా తీస్తారో చూసి నేర్చుకోవాల్సిందే.

వెదురు సంగతి పైన రాశాను. సొంత పొలంలో పెంచినది ఇప్పుడు అటవీ చట్టం ప్రకారం చెట్టు కాదు. అయినా లారీకెత్తి దూరం పంపేటప్పుడు రవాణా నిబంధనల గురించి స్థానిక అటవీ కార్యాలయంలో ఒక మాట అడగండి. మీ మెట్ట నేలకు సాధన వెదురు సరిపోతుంది. ముళ్ళ వెదురుకు తేమ కావాలి, నరకడమూ కష్టం. అల్లికకు పనికొచ్చే బొంగు కోసం నాలుగైదేళ్ళు ఓపిక పట్టాలి. నరికేటప్పుడు పొద మధ్యలో ఉన్న ముదురు బొంగులు తీయండి, చుట్టూ ఉన్న ఈ ఏటి పిలకలను ముట్టుకోవద్దు. రాబోయే ఏటి పిలకలకు ఆధారం అవే. నేలకు దగ్గరగా, కణుపుకు సరిగ్గా పైన కోయండి. కణుపుల మధ్య కోస్తే మిగిలిన దొప్పలో వాన నీరు నిలిచి మొదలు కుళ్ళుతుంది.

మా అమ్మాయి పెళ్ళి మెల్‌బోర్న్‌లో. మేనమామలు గంపలో కూర్చోబెట్టి తీసుకురావాలని మా అమ్మ కోరిక. ఇక్కడ గంప దొరకదు. మీ దగ్గర నుంచి తెచ్చుకోవచ్చా? మనిషి బరువుకు ఆగుతుందా?
– తల్లి, మెల్‌బోర్న్

ఆగుతుందమ్మా, పెళ్ళి గంప అని చెప్పి చేయించుకుంటే. బజారులో ఉన్న పూల గంపకు పసుపు రాసి ఇచ్చేది మాత్రం తీసుకోవద్దు. అమ్మాయి బాసిపట్టు వేసుకుని కూర్చుంటే మోకాళ్ళు లోపలే ఉండేంత వెడల్పు అడుగు కావాలి, ఎత్తు తక్కువ ఉండాలి. కొలత మీరే తీసి పంపండి. నిలువు బద్దలు ముదురు వెదురువి, బెరడుతో సహా వేయమనండి. అడుగు కింద రెండు నిండు బొంగులను అడ్డంగా, రెండింటిని నిలువుగా కట్టించండి. మేనమామలు పట్టుకోవాల్సింది ఆ బొంగులను. అంచు పట్టుకుని ఎత్తితే ఎంత మంచి గంపైనా వదులవుతుంది. నలుగురు ఉంటే మేలు. ముందు రోజు అంతే బరువున్న బియ్యం బస్తాలు పెట్టి ఒకసారి ఎత్తి చూడండి.

ఆస్ట్రేలియాలో మొక్కలతో చేసిన వస్తువుల తనిఖీ గట్టిగా ఉంటుంది. దిగేటప్పుడు ఇచ్చే కార్డులో గంప గురించి తప్పకుండా రాయండి, దాచవద్దు. పుచ్చు రంధ్రం కనిపించినా, సందుల్లో ధాన్యపు గింజ ఇరుక్కున్నా ఆపేస్తారు, శుద్ధి చేయిస్తారు, లేదా నాశనం చేస్తారు. అందుకని చలికాలంలో నరికి నానేసిన వెదురుతోనే చేయించి, తయారయ్యాక కాగే నీళ్ళు పోసి ఎండబెట్టించండి. పసుపు, కుంకుమ, మామిడాకులు, వడ్లు ఏవీ దానిలో పెట్టి పంపవద్దు. పసుపు అక్కడే రాసుకోండి. నెల ముందుగా చెబితే తొందర లేకుండా అల్లుతారు. పెళ్ళి కార్తిక, మార్గశిర మాసాల్లో అయితే వేసవి లోపే మాట ఇచ్చి ఉంచండి, కిందటి చలికాలపు వెదురు మీ గంప కోసం పక్కన పెడతారు.